మా పాప కీమోలో ఒక మందు: విన్‌క్రిస్టిన్‌తో నా అనుభవం

మా పాపకు ఆరేళ్ల వయసులో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అని తేలింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే బ్లడ్ క్యాన్సర్ అదే. సరైన వైద్యం పూర్తిగా అందితే చాలామంది పిల్లలు కోలుకుంటారని డాక్టర్ గారు మొదటి రోజే చెప్పారు. ఆ మాట పట్టుకునే మేం నిలబడ్డాం. ఆ తర్వాత ఆయన ట్రీట్‌మెంట్ ప్లాన్ కాగితం ముందు పెట్టారు. దాని నిండా మందుల పేర్లు, గళ్లు, వారాల నంబర్లు. ఏది ఇంజెక్షనో, ఏది మాత్రో, ఏది వెన్నులోకి ఎక్కించేదో చూస్తుంటే బుర్ర తిరిగిపోయింది.

అన్నీ ఒకేసారి అర్థం చేసుకోవడం నా వల్ల కాదనిపించి, ఆ కాగితంలో పదేపదే కనిపిస్తున్న పేరును ముందు పట్టుకున్నాను. విన్‌క్రిస్టిన్. మొదటి నెలలో వారానికోసారి ఉంది, మధ్య దశల్లో ఉంది, చివర్లో నెలల తరబడి సాగే మెయింటెనెన్స్‌లోనూ అక్కడక్కడా ఉంది. ఈ ఒక్క మందు గురించైనా మొదలు నుంచి చివరి దాకా తెలుసుకుందామని కూర్చున్నాను. పాపను చూసుకోవడంలో నాకు బాగా అక్కరకు వచ్చింది ఆ పనే. బయట అందరూ కీమో అని ఒకే మాట అంటారు గానీ, లోపల అది రకరకాల మందుల కూర్పు. ఒక్కో మందు ఒక్కో చోట దెబ్బ కొడుతుంది, ఒక్కోటి ఒక్కో రకంగా బాధపెడుతుంది. ఏ బాధ ఏ మందు వల్ల వచ్చిందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఈ మందు బిళ్ళగన్నేరు మొక్క నుంచి వస్తుందని చదివినప్పుడు నమ్మలేకపోయాను. గులాబీ రంగు పూలు, తెల్ల పూలు పూసే మొక్క. 1950ల్లో జమైకా నుంచి ఈ ఆకులు కెనడాలోని రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రవేత్త దగ్గరికి చేరాయి. జమైకాలో షుగర్ వ్యాధికి ఈ ఆకుల కషాయం తాగేవారట, అందులో నిజమెంతో చూద్దామని ఎలుకల మీద ప్రయోగాలు చేశారు. షుగర్ ఏమీ తగ్గలేదు, కానీ ఎలుకల రక్తంలో తెల్ల కణాలు బాగా పడిపోయాయి. తెల్ల కణాలు అదుపు తప్పి పెరిగే జబ్బే లుకేమియా కాబట్టి వాళ్లు దాన్ని అక్కడితో వదిలేయలేదు. నోబుల్, ఛార్లెస్ బీర్ కలిసి విన్‌బ్లాస్టిన్‌ను వేరు చేశారు. అదే మొక్క మీద విడిగా పని చేస్తున్న ఎలీ లిల్లీ కంపెనీ పరిశోధకుల చేతికి విన్‌క్రిస్టిన్ చిక్కింది. 1963లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. వందల కిలోల ఎండిన ఆకుల నుంచి తీస్తే ఒక్క గ్రాము మందు వస్తుంది.

ఈ సంగతి మా చుట్టాల్లో ఒకరికి చెబితే, అయితే ఆకులే నమిలిస్తే పోలేదా అన్నారు. ప్రేమతోనే అన్నారు గానీ, ఆ ఆలోచన ఎంత ప్రమాదమో చెప్పాలి. ఆ ఆకుల్లో పదుల కొద్దీ రసాయనాలు ఉంటాయి, అందులో విషాలు కూడా ఉన్నాయి. ఏ ఆకులో ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. విన్‌క్రిస్టిన్ మిల్లీగ్రాములో పదో వంతు కూడా లెక్క చూసి ఇచ్చే మందు. కీమో నడుస్తున్న పిల్లలకు ఆకు రసాలు, పొడులు పైనుంచి ఇస్తే లివర్ మీద పడి అసలు వైద్యమే ఆగిపోవచ్చు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

మందు లోపలికి వెళ్లి ఏం చేస్తుందో డాక్టర్ గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. కణం రెండుగా విడిపోయే ముందు, దానిలోని క్రోమోజోములన్నీ నడిమధ్యకు వచ్చి వరుసలో నిలబడతాయి. ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్‌తో అల్లుకున్న సన్నని గొట్టాలు తాళ్లలా రెండు వైపుల నుంచీ వాటిని పట్టుకుని చెరి సగం లాగాలి. విన్‌క్రిస్టిన్ వెళ్లి ఆ ట్యూబ్యులిన్‌కు అతుక్కుంటుంది, దాంతో తాళ్లు తయారు కావు. క్రోమోజోములు మధ్యలో నిలబడిపోతాయి, విభజన ఆగిపోతుంది, కణం చచ్చిపోతుంది. లుకేమియా కణాలు ఆగకుండా విభజన చెందుతూ ఉంటాయి కాబట్టి దెబ్బ వాటికే ఎక్కువ తగులుతుంది.

అయితే ఆ గొట్టాలు నరాల్లో కూడా ఉంటాయి. నరాల కణాలు విభజన చెందవు గానీ, వెన్నెముక దగ్గర మొదలై పాదం దాకా పోయే పొడవైన పోగుల్లో సరుకు అటూ ఇటూ చేరేది ఆ గొట్టాల వెంబడే. అందుకే ఈ మందు నరాలను కూడా ఇబ్బంది పెడుతుంది. అన్నిటికన్నా పొడవైనవి పాదాలకు వెళ్లేవి, వాటికి ముందు తగులుతుంది. పేగులను కదిలించే నరాలకూ తగులుతుంది. ఈ ఒక్క విషయం బుర్రకెక్కాక, తర్వాత పాపకు వచ్చిన ఇబ్బందుల్లో చాలావాటికి కారణం నాకు ముందే తెలిసిపోయేది.

డోసు లెక్క నేను పక్కన కూర్చుని చూశాను. పాప ఎత్తు 115 సెంటీమీటర్లు, బరువు 20 కిలోలు. రెండూ గుణించి 3600తో భాగించి, వర్గమూలం తీస్తే ఒంటి వైశాల్యం వస్తుంది. పాపకు దాదాపు 0.8 చదరపు మీటర్లు వచ్చింది. చదరపు మీటరుకు 1.5 మిల్లీగ్రాముల చొప్పున 1.2 మిల్లీగ్రాములు. సీసాలో ఒక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటుంది, అంటే ఒకటింబావు మిల్లీలీటరు కూడా కాదు. రంగు లేదు, నీళ్లలా ఉంటుంది. పక్కన వేలాడే డౌనోరూబిసిన్ అనే ఇంకో కీమో మందు ఎర్రగా చూడగానే భయపెట్టేలా ఉంటే, దీన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. పెద్దవాళ్లకైనా సాధారణంగా ఒకసారికి 2 మిల్లీగ్రాములు దాటనివ్వరని తర్వాత తెలిసింది. నరాల మీద దెబ్బ పడుతుందనే ఆ జాగ్రత్త.

ఇక్కడ ఒక విషయం కాస్త వివరంగా చెప్పాలి. లుకేమియా కణాలు మెదడు, వెన్ను చుట్టూ ఉండే నీటిలో దాక్కుంటాయి. విన్‌క్రిస్టిన్ అక్కడికి సరిగా చేరదు. అందుకని వెన్నులో సూది గుచ్చి మెథోట్రెక్సేట్ అనే వేరే మందు నేరుగా ఎక్కిస్తారు. ఒకే పాపకు, ఒకే వారంలో, ఒక మందు రక్తనాళంలోకి, ఇంకొకటి వెన్నులోకి. పొరపాటున విన్‌క్రిస్టిన్‌ను వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణాలు దక్కడం దాదాపు అసాధ్యం. ప్రపంచంలో పలు చోట్ల ఇలా జరిగి మనుషులు చనిపోయారు. అందుకే 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందును సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వాలని హెచ్చరించింది. సంచిని చూసి ఎవరూ వెన్ను సూదికి తగిలించరు కదా, ఆలోచన అంతే.

మా వార్డులో పాటించే పద్ధతి చూసి నాకు ధైర్యం వచ్చింది. వెన్నులో ఇంజెక్షన్ చేసే గదిలోకి విన్‌క్రిస్టిన్‌ను అసలు తీసుకురారు. ఆ పని పూర్తయి, పాపను మంచం మీదకు తెచ్చాకే ఫార్మసీ నుంచి సంచి వస్తుంది. దాని మీద రక్తనాళంలోకి మాత్రమే, ఇంకెలా ఇచ్చినా ప్రాణాంతకం అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. ఇద్దరు సిస్టర్లు కలిసి వచ్చి పాప పేరు, చేతి పట్టీ మీది నంబరు, మందు పేరు, డోసు, ఎలా ఎక్కించాలో పైకి చదివేవారు. విన్‌బ్లాస్టిన్, వినోరెల్బిన్ అని దాదాపు ఇలాంటి పేర్లతోనే వేరే మందులున్నాయి, వాటి డోసులు పూర్తిగా వేరు. అందుకే అక్షరం అక్షరం చూస్తారు. నేనూ వాళ్లతో పాటు చదివేదాన్ని. ఒక సిస్టర్ నాతో, "మీరూ చూడండమ్మా, మూడో జత కళ్లుంటే మాకూ మంచిదే" అంది. తల్లిదండ్రులు అడిగితే వైద్యులకు కోపం వస్తుందేమోనని చాలామంది ఆగిపోతారు. ఈ మందు విషయంలో మాత్రం ఆగకండి. ఇది ఎలా ఎక్కిస్తున్నారు అని అడగడానికి మీకు పూర్తి హక్కుంది.

ఎక్కించడానికి కొద్ది నిమిషాలే పడుతుంది, కానీ ఆ కొద్దిసేపూ సిస్టర్ పక్కనుంచి కదలదు. మందు రక్తనాళం బయటికి కారితే చర్మం, కండ కాలిపోయినట్టు పుండు పడుతుంది. ముందు సిరంజితో వెనక్కి లాగి రక్తం వస్తోందో లేదో చూస్తారు, వస్తేనే మందు వదులుతారు. మండినా, నొప్పి పుట్టినా వెంటనే చెప్పాలని పాపకు నేర్పించాం. పోర్ట్, అంటే చర్మం కింద అమర్చి పెద్ద రక్తనాళంలోకి కలిపే చిన్న పరికరం, పెట్టించాక ఆ బెంగ చాలావరకు తగ్గింది.

మొదటి డోసు రోజు వాంతులవుతాయని బేసిన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కటీ కాలేదు. ఈ మందుకు వాంతులు చాలా తక్కువ. రక్తకణాలను కూడా పెద్దగా పడగొట్టదు. పాపకు కౌంట్స్, అంటే రక్తకణాల సంఖ్య, పడిపోయింది తోడుగా ఇచ్చిన మిగతా మందుల వల్ల, జబ్బు వల్ల. అసలు దీన్ని వేరే మందులతో కలిపి ఇవ్వడంలోని కిటుకు కూడా అదే. ఒక్కో మందూ ఒక్కో దారిలో క్యాన్సర్ కణాన్ని కొట్టాలి, కానీ చెడు ప్రభావాలన్నీ ఒకే చోట కుప్పపడకూడదు. 1960ల మొదట్లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ నాలుగు మందులు కలిపి పిల్లలకు ఇచ్చి చూశారు. అందులో ఒకటి అప్పుడే కొత్తగా వచ్చిన ఈ విన్‌క్రిస్టిన్. అంతకు ముందు ఒక్కో మందూ విడిగా ఇస్తే జబ్బు కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి తిరగబెట్టేది. నాలుగూ కలిపాక కొందరు పిల్లల్లో మళ్లీ రాలేదు. మా పాప కాగితం మీది ప్లాన్‌కు మూలం అక్కడే ఉంది. ఆ రోజుల్లో తమ పిల్లలకు ఆ మందులు ఇవ్వడానికి ఒప్పుకున్న తల్లిదండ్రుల గురించి నేను ఎన్నోసార్లు తలచుకున్నాను.

మర్నాడు రాత్రి పాప దవడ పట్టుకుని ఏడ్చింది. ఏదీ నమలనంది. కీమోకి నోట్లో పుళ్లు వస్తాయని విని ఉన్నాను, టార్చి వేసి చూస్తే ఒక్క పుండు లేదు. చెవి ముందు దవడ కీలు దగ్గర చెయ్యి పెడితే అక్కడే అని చూపించింది. విన్‌క్రిస్టిన్ వల్ల వచ్చే దవడ నొప్పి ఇదేనని, రెండు మూడు రోజుల్లో తగ్గుతుందని వార్డుకు ఫోన్ చేస్తే చెప్పారు. పారాసిటమాల్ ఇచ్చే ముందు మాత్రం తప్పకుండా జ్వరం చూడమన్నారు, ఎందుకంటే ఆ మాత్ర జ్వరాన్ని కప్పేస్తుంది. కౌంట్స్ తక్కువగా ఉన్న పిల్లలకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే అది ఎమర్జెన్సీ. రాత్రైనా పగలైనా వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి.

దవడ కన్నా మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది మలబద్ధకం. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ వల్ల పాపకు విపరీతమైన ఆకలి, రాత్రి రెండు గంటలకు లేచి కూడా అన్నం అడిగేది. లోపల పేగులు మాత్రం మందగించి ఉన్నాయి. వారం తిరిగేసరికి పొట్ట గట్టిగా, ఉబ్బుగా తయారైంది. ముడుచుకుని పడుకునేది, ముట్టుకోనిచ్చేది కాదు. అప్పటి నుంచి డాక్టర్ గారు విన్‌క్రిస్టిన్ ఇచ్చే రోజే లాక్టులోజ్ సిరప్ మొదలుపెట్టించారు. ఇబ్బంది వచ్చాక మందు వేయడం కాదు, రాకముందే వేయాలి. నీళ్లు బాగా తాగించేవాళ్లం. ఎన్నిసార్లు వెళ్లింది, గట్టిగా వెళ్లిందా అని రోజూ పుస్తకంలో రాసుకునేదాన్ని. అలా రాయడం కొందరికి ఎబ్బెట్టుగా అనిపించొచ్చు, కానీ డాక్టర్ గారు వచ్చి ముందు తెరిచేది ఆ పేజీనే. ఇంట్లో ఎవరైనా ఎనిమా ఇద్దామంటే ఒప్పుకోకండి. కౌంట్స్ తక్కువున్నప్పుడు ఆ దారిన చిన్న గాయమైనా ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది.

మొదటి దశ చివర్లో పాప నడక మారింది. నేను ముందు చూడలేదు, విన్నాను. పాదం నేల మీద టప్ టప్ అని పడుతోంది. మామూలుగా మడమ ముందు ఆని, తర్వాత మునివేళ్లు ఆనాలి. పాపకు మునివేళ్లు పైకి లేవడం లేదు, పాదం మొత్తం ఒకేసారి చరిచినట్టు పడుతోంది. మెట్లెక్కుతుంటే బొటనవేలు తగిలి తూలిపోయేది. డాక్టర్ గారు మడమల మీద నడిచి చూపించమన్నారు, నాలుగడుగులు కూడా వేయలేకపోయింది. చిన్న సుత్తితో మడమ వెనక తట్టి చూస్తే పాదం కదల్లేదు. గౌను బొత్తాలు పెట్టుకోమంటే పెట్టుకుంది, అంటే చేతులకు ఇంకా ఎక్కువ తగల్లేదు.

అప్పుడు నేను అడిగిన ప్రశ్న, మందు ఆపేద్దామా అని. ఆయన చెప్పిన జవాబు నాకు పూర్తిగా సబబుగా అనిపించింది. పాదాల నరాలు నెమ్మదిగానైనా చాలావరకు కోలుకుంటాయి, లుకేమియా తిరగబెడితే దారి చాలా కష్టమవుతుంది. కాబట్టి నొప్పి భరించలేనంతగా ఉన్నా, నడవలేకపోతున్నా, గొంతు బొంగురుపోయి ఊపిరికి ఇబ్బందైనా, కనురెప్పలు వాలిపోతున్నా డోసు తగ్గించడమో ఆపడమో చేస్తారు. ఈ మాత్రం దానికి మందు కొనసాగిస్తూ, ఫిజియోథెరపీ మొదలుపెడతారు. పిక్క కండరాలు బిగుసుకోకుండా రోజూ సాగదీయించాం, రాత్రిళ్లు పాదం నిటారుగా ఉంచే స్ప్లింట్ వేశాం. పాప విసుక్కునేది. బొమ్మకు కూడా గుడ్డతో స్ప్లింట్ కట్టాక ఒప్పుకుంది.

మా వంశంలో ఎవరికైనా పుట్టుకతో నరాల జబ్బు ఉందా, పాదాలు వంకరగా ఉండేవాళ్లున్నారా అని మొదట్లోనే ఎందుకు అడిగారో కూడా అప్పుడే అర్థమైంది. షార్కో-మేరీ-టూత్ అనే వంశపారంపర్య నరాల జబ్బు ఉన్నవాళ్లకు ఈ మందు మామూలు డోసులోనే కాళ్లు చేతులు పడిపోయేలా చేయగలదు. ఆ ప్రశ్నకు అలవాటుగా లేదు అనేయకుండా, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చెప్పడం మంచిది.

ఇంకో ముఖ్యమైన సంగతి లివర్ గురించి. విన్‌క్రిస్టిన్‌ను ఒంట్లోంచి తీసేసేది లివరే, అందుకే ప్రతి డోసు ముందు రక్తంలో బిలిరూబిన్ (లివర్ సరిగా పనిచేయకపోతే పెరిగే పదార్థం) చూస్తారు, అది పెరిగితే డోసు తగ్గిస్తారు. ఇట్రాకొనజోల్, వొరికొనజోల్, పోసాకొనజోల్ లాంటి ఫంగస్ మందులు ఆ పనికి అడ్డుపడతాయి. రెండూ కలిస్తే విన్‌క్రిస్టిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి నరాలను గట్టిగా దెబ్బతీస్తుంది. ఒకసారి పాప నోట్లో తెల్లటి పొర కట్టింది. అప్పుడు చూసిన వేరే విభాగం డాక్టర్ ఇట్రాకొనజోల్ రాశారు. పాపకు విన్‌క్రిస్టిన్ నడుస్తోందని చెప్పగానే ఆయన మా క్యాన్సర్ డాక్టర్ గారితో మాట్లాడి, నోట్లో పూసే మందుకు మార్చారు. అప్పటి నుంచి పాప ఫైల్ అట్ట మీదే మందుల జాబితా అంటించి పెట్టాను. పంటి డాక్టర్ దగ్గరికెళ్లినా, కంటి డాక్టర్ దగ్గరికెళ్లినా ముందు అదే చూపించేదాన్ని.

వార్డులో పక్క మంచం బాబుకు కిడ్నీలో విల్మ్స్ ట్యూమర్. వాడికీ విన్‌క్రిస్టినే, కానీ తోడు మందు డాక్టినోమైసిన్. ఇంకో అమ్మాయికి లింఫ్ గ్రంథుల్లో వచ్చే లింఫోమా అనే క్యాన్సర్, ఆ కూర్పు వేరు. కండరాల్లో వచ్చే రాబ్డోమయోసార్కోమాకు, పెద్దవాళ్ల లింఫోమాలో వాడే చాప్ అనే కూర్పుకు కూడా ఇది కావాలి. కొన్ని కాగితాల్లో ఆంకోవిన్ అని రాస్తారు, అది దీని పాత బ్రాండ్ పేరు. మందు ఒకటే కదా, వాళ్లకు వారం వారం ఇస్తుంటే మనకెందుకు ఇవ్వడం లేదని తల్లులం ఒకరినొకరం అడుక్కునేవాళ్లం. జబ్బును బట్టి, దశను బట్టి, తోడున్న మందులను బట్టి అది మారుతుంది. పక్క మంచంతో పోల్చుకుంటే ఊరికే దిగులు తప్ప ఏమీ ఒరగదు.

మొదటి నెల అయ్యాక ఎముక మజ్జ పరీక్షలో మిగిలిన క్యాన్సర్ కణాలు కనబడలేదు. అయినా వైద్యం ఆపరు, ఎందుకంటే కంటికి, మెషీన్‌కు అందనంత తక్కువగా దాగి ఉన్నవాటిని తీసేయడానికే మిగతా దశలన్నీ. మెయింటెనెన్స్‌లో ఇంట్లోనే మాత్రలు, అప్పుడప్పుడూ విన్‌క్రిస్టిన్. డోసుల మధ్య ఎడం పెరిగేకొద్దీ పాప నడక తేలికపడింది. మందులన్నీ ఆగాక కొన్ని నెలలకు మడమల మీద నడవడం వచ్చింది, తూలడం పోయింది. మడమ వెనక తడితే వచ్చే కదలిక మాత్రం ఇంకా మందంగానే ఉందని మొన్నటి చెకప్‌లో రాశారు. దానివల్ల పాప ఆటలకు అడ్డేమీ లేదు.

వైద్యం ముగిశాక డాక్టర్ గారు ఒక సారాంశం కాగితం ఇచ్చారు. ఏ మందు మొత్తం ఎంత ఒంట్లోకి వెళ్లిందో అందులో ఉంది. డౌనోరూబిసిన్ వల్ల గుండెకు కొన్నేళ్లకు ఇబ్బంది రావచ్చు కాబట్టి ఎకో (గుండె స్కాన్) పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించాలో దాని కింద రాశారు. విన్‌క్రిస్టిన్ ఎదురుగా, పాదాల నరాలు ఏడాదికోసారి చూపించాలని ఉంది. మీ ఆసుపత్రిలో ఇలాంటి కాగితం వాళ్లంతట వాళ్లు ఇవ్వకపోతే అడిగి రాయించుకోండి. పిల్లలు పెద్దయ్యాక వాళ్లను చూసే డాక్టరు వేరే ఉంటారు, అప్పటికి ఈ మందుల పేర్లు, డోసులు మనకు గుర్తుండవు.